ఆరు శాతం: గడువు జారిపోయిన హామీ

1966 జూన్‌లో దౌలత్ సింగ్ కొఠారీ తన సారథ్యంలోని విద్యా కమిషన్ నివేదికను అప్పటి కేంద్ర విద్యామంత్రి ఎం.సి. చాగ్లాకు అందజేశారు. వందల పేజీల ఆ నివేదికలో జనానికి గుర్తుండిపోయింది ఒక్క అంకె. 1965-66లో దేశం విద్యకు పెడుతున్న ఖర్చు జాతీయాదాయంలో 2.9 శాతం, 1985-86 నాటికి అది 6 శాతం కావాలి. లక్ష్యమూ ఉంది, గడువూ ఉంది.

రెండేళ్లకే గడువు పోయింది. 1968 జాతీయ విద్యావిధానం 6 శాతానికి సరేనంది గానీ, ఎప్పటికంటే ‘వీలైనంత త్వరగా’ అని సరిపెట్టింది.

1986లో మళ్లీ విధానం మారింది. అప్పుడు మానవ వనరుల అభివృద్ధి మంత్రి పి.వి. నరసింహారావు. నల్గొండ జిల్లా సర్వేల్‌లో 1971లో గురుకుల పాఠశాలకు శ్రీకారం చుట్టిన మనిషి. నవోదయ విద్యాలయాలూ ఆయన హయాంలోనే వచ్చాయి. ఎనిమిదో ప్రణాళిక నుంచి విద్యా వ్యయం 6 శాతం దాటుతుందని ఆ విధానం మాట ఇచ్చింది. 1992లో ఎనిమిదో ప్రణాళిక మొదలయ్యేసరికి పీవీయే ప్రధాని. అంతకు ముందు ఏడాదే విదేశీ చెల్లింపుల సంక్షోభంలో బంగారం తాకట్టు పెట్టిన దేశం మనది. ఆయన ఇచ్చిన మాట ఆయన చేతుల్లోనే నెరవేరలేదు. 2020 నాటి విధానం కూడా 6 శాతమే అంది. గడువు? మళ్లీ ‘వీలైనంత త్వరగా’!

ఇంతకీ ఇప్పుడు ఎంత ఖర్చవుతోంది? దీనికి రెండు సర్కారీ జవాబులున్నాయి. 2022-23 ఆర్థిక సర్వే ప్రకారం 2.9 శాతం. విద్యాశాఖ లెక్కలో 4 శాతం పైచిలుకు. ఎవరూ అబద్ధమాడటం లేదు. విద్యాశాఖ తన పద్దుతో పాటు ఇతర శాఖలు చదువుకూ శిక్షణకూ పెట్టే సొమ్మునూ కలుపుతుంది. మన సాంఘిక సంక్షేమ గురుకులాలనే చూడండి: పిల్లలు చదివేది పదో తరగతి, ఇంటర్, నిధులొచ్చేది సంక్షేమ శాఖ నుంచి. దాన్ని చదువు ఖర్చు కాదనగలమా? కొఠారీ నాటి 2.9లో తల్లిదండ్రులు కట్టిన ఫీజులు కూడా ఉన్నాయి కాబట్టి, ఆ అంకెనూ నేటి అంకెనూ పక్కపక్కన పెట్టి ‘అరవై ఏళ్లుగా కదల్లేదు’ అనడం సరికాదు. అయితే ఎలా లెక్కగట్టినా ఆరు మాత్రం రాదు.

దేశ స్థూల ఉత్పత్తి ఇప్పుడు 300 లక్షల కోట్ల రూపాయలు దాటింది. అంటే ఒక్క శాతం పెంచాలన్నా ఏటా 3 లక్షల కోట్లకు పైగా కావాలి. 2025-26 బడ్జెట్‌లో కేంద్ర విద్యాశాఖకు దక్కింది దాదాపు 1.28 లక్షల కోట్లు. స్థూల ఉత్పత్తిలో అర శాతం కూడా కాదు. 1976లో 42వ రాజ్యాంగ సవరణ విద్యను ఉమ్మడి జాబితాలో చేర్చినా, టీచర్ల జీతాల భారంలో అధిక భాగం మోసేది రాష్ట్రాలే. ఢిల్లీలో హామీ ఇచ్చినంత మాత్రాన హైదరాబాద్, అమరావతి ఖజానాల్లో డబ్బు పుట్టదు.

అలాగని కేంద్రం చదువు పేరిట వసూళ్లు చేయలేదని కాదు. 2004లో పన్నులపై 2 శాతం విద్యా సెస్సు వేసింది. 2007లో సెకండరీ, ఉన్నత విద్యల పేరిట మరో శాతం కలిపింది. ఆ రెండో సెస్సు కోసం ప్రత్యేక నిధికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది 2017లో, వసూళ్లు మొదలైన పదేళ్లకు! పైగా సెస్సు రాష్ట్రాలతో పంచుకునే పన్నుల వాటాలోకి రాదు. చదువు పేరిట వసూలు చేసి, చదువు చెప్పే రాష్ట్రాలకు హక్కుగా వాటా ఇవ్వకపోవడం వింతే.

ఈసారి రాష్ట్ర బడ్జెట్ వచ్చినప్పుడు విద్యకు ఎన్ని వేల కోట్లన్న శీర్షికతో ఆగిపోకండి. పద్దుల పుస్తకంలో బడ్జెట్ అంచనా, సవరించిన అంచనా, రెండేళ్ల కిందటి వాస్తవ వ్యయం పక్కపక్కనే ఉంటాయి. చదవాల్సింది ఆ చివరి అంకె.