అమ్మకానికి ఇంటి లోపలిని సిద్ధం చేయడం

4.6 కొనేవారి చూపు

ఇంతవరకు గృహాలంకరణను ఆ ఇంట్లో నివసించేవారి అవసరాల దృష్ట్యా పరిశీలించాం. ఇప్పుడు అదే ఇంటిని వేరొకరి కళ్లతో చూద్దాం. మీరు ఉంటున్న ఇంటిని అమ్మదలచుకున్నారనుకోండి. చూడడానికి వచ్చినవారు మీ సామాను అందచందాలను పట్టించుకోరు. తమ బీరువా ఎక్కడ పడుతుంది, పిల్లలు ఎక్కడ కూర్చుని చదువుకుంటారు, పెద్దవాళ్ల మంచం ఏ గదిలో వేయాలి అని మనసులో లెక్క వేసుకుంటారు. ఆ లెక్కకు అడ్డు తొలగించడమే మీ పని.

ఉదాహరణకు హైదరాబాదు కూకట్‌పల్లిలో పదిహేనేళ్ల నాటి అపార్టుమెంటులో, అన్నిటికన్నా పై అంతస్తులో, రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉందనుకుందాం.

4.6.1 స్థలం, వెలుతురు

స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016 ప్రకారం కార్పెట్ ఏరియా అంటే ఫ్లాటు లోపల వాడుకోదగిన నేల విస్తీర్ణం. బయటి గోడలు, బాల్కనీ అందులోకి రావు. మీరు ఏం సర్దినా కాగితం మీది ఆ అంకె మారదు. కాని హాల్లో సోఫా, దివాన్, షోకేసు, ఏళ్లుగా వాడని కుట్టుమిషను ఉంటే గది ఇరుకుగానే తోస్తుంది. నేల ఎంత ఎక్కువగా కనిపిస్తే గది అంత పెద్దదనిపిస్తుంది. తీసిన సామానును అటక మీదికో రెండో పడకగదిలోకో తోసేయకండి. వచ్చినవారు వాటినీ తెరిచి చూస్తారు.

కొత్త తెల్లరంగు గోడ తనమీద పడిన వెలుతురులో సుమారు 80 శాతాన్ని తిరిగి గదిలోకి పంపుతుంది. ముదురు రంగు చాలావరకు పీల్చేసుకుంటుంది. కాబట్టి లేత రంగు వేయించి, బరువైన కర్టెన్లు తీసి, పగటిపూట ఇల్లు చూపించండి. దేవుడి గదిని ఖాళీ చేయాలని కొందరు సలహా ఇస్తారు. మన ప్రాంతంలో అది అవసరమని నేననుకోను. వాస్తు పట్టింపు ఉన్నవారు మొదట అడిగేది ఆ గది ఏ దిక్కున ఉందనే.

4.6.2 వంటగది, స్నానాలగది

ఇంట్లో ఉండేవారి ముక్కుకు పోపు వాసన అలవాటైపోతుంది. బయటినుంచి వచ్చినవారికి గుమ్మంలోనే తెలుస్తుంది. అగరుబత్తి వెలిగించి దాన్ని కప్పడంకంటే ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కలకు, స్టౌ వెనుక టైల్స్‌కు పట్టిన జిడ్డును సబ్బునీటితో వదిలించడం మేలు.

బోరునీరు వాడే ఇళ్లలో కుళాయిల మీద, టైల్స్ మీద తెల్లని పొర కడుతుంది. అందులో ముఖ్యంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, వెనిగర్ వంటి ఆమ్లాలకు అది కరుగుతుంది. అయితే ఒక జాగ్రత్త అవసరం. పాలరాయి కూడా కాల్షియం కార్బొనేటే. తాండూరు, కడప బండలు సున్నపురాయి జాతివి. ఆమ్లం పడితే వాటి నునుపు పోతుంది. టైల్స్‌కు పనికొచ్చిన చిట్కా వంటగట్టు మీది కడప బండను పాడుచేస్తుంది.

4.6.3 చెమ్మ: కప్పిపుచ్చవచ్చా?

మన ఉదాహరణలోని ఫ్లాటుకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. డాబా మీది వాన నీరు స్లాబులోంచి దిగి, పడకగది మూలన మరక కట్టింది. నీరు తనలో కరిగిన లవణాలను ఉపరితలానికి తెచ్చి ఆవిరైపోతుంది. మిగిలిన తెల్లపొడి రంగును పెచ్చులుగా ఊడగొడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ చోటు పొడిగా ఉంటుంది. అప్పుడు పుట్టీ పెట్టి రంగు వేస్తే ఏమీ కనిపించదు. జూలైలో మళ్లీ పైకి వస్తుంది. అప్పటికి ఇల్లు చేతులు మారి ఉంటుంది.

ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 55వ సెక్షను దీన్ని గురించి స్పష్టంగా చెబుతుంది. ఆస్తిలో ముఖ్యమైన లోపం ఉండి, అది అమ్మేవారికి తెలిసి, కొనేవారికి తెలియక, మామూలు జాగ్రత్తతో చూసినా బయటపడనిదైతే, దాన్ని అమ్మేవారే వెల్లడించాలి. వెల్లడించకపోవడం మోసమవుతుందని కూడా అదే సెక్షను అంటుంది. ఒప్పందాల చట్టం, 1872లోని 17వ సెక్షను ప్రకారం తెలిసిన విషయాన్ని మోసపుచ్చే ఉద్దేశంతో పనిగట్టుకుని దాచడమూ మోసమే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. మరక కనిపిస్తున్నంతకాలం, కొనేవారు మామూలు జాగ్రత్తతో చూస్తే లోపాన్ని పట్టుకోగలరు. దానిమీద రంగు వేయగానే ఆ అవకాశం పోతుంది. అంటే రంగు డబ్బా లోపాన్ని తగ్గించకపోగా, చెప్పవలసిన బాధ్యతను మీ నెత్తిన పెడుతుంది. జిడ్డు తుడవడానికీ మరక కప్పడానికీ ఉన్న తేడా ఇదే.

సరైన క్రమం ఏమిటి? ముందు నీరు దిగే చోట వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి. డాబా సాధారణంగా అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి అపార్టుమెంటు సంఘంతో మాట్లాడాలి. గోడ పూర్తిగా ఆరాకే పుట్టీ, రంగు. పని బిల్లు దాచి, వచ్చినవారికి చూపించండి. సంఘం ఒప్పుకోక పని ఆగిపోతే, మరకను అలాగే ఉంచి, విషయం చెప్పి, మరమ్మతు ఖర్చును ధరలో తేల్చుకోండి. ఒప్పంద పత్రంలో ఆ మాట రాయించడం ఇద్దరికీ క్షేమం.

మీ అభ్యాసం: మీ ఇంట్లో చెమ్మ ఉందనుకున్న గోడకు ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచండి. తడి కాగితానికి గోడవైపు చేరిందా, గదివైపు చేరిందా? ఒక్కో సందర్భంలో నీరు ఎక్కడినుంచి వచ్చి ఉంటుందో, ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారికి ఏమని చెబుతారో అయిదారు వాక్యాల్లో రాయండి.