జ్ఞాపకము నివసించు చోటు

మనుష్యునకు గల సంపదలలో జ్ఞాపకశక్తి మిక్కిలి విలువైనది. తల్లి ముఖమును బిడ్డ గుర్తించుట దాని వలననే. నిన్న నేర్చిన పాఠముపై నేటి పాఠము నిలుచుట దాని వలననే. బడి విడిచిన బాలుడు దారి తప్పక ఇల్లు చేరుటయు దాని వలననే. ఇంతటి శక్తి శరీరమున ఎచ్చట నున్నది? అది యొక్కటియేనా, పెక్కు విధములా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు ముఖ్యకారణమైనవాడు పండితుడు కాడు, శాస్త్రజ్ఞుడును కాడు. అతడు అమెరికా దేశమునందలి కనెక్టికట్ రాష్ట్రమున జన్మించిన యొక సామాన్య కార్మికుడు. అతని పేరు హెన్రీ మొలైసన్. తాను శాస్త్రమునకు చేసిన మహోపకారమును తానే జ్ఞాపకముంచుకొనజాలని దురదృష్టవంతు డతడు.

పెద్దవాని మెదడు సుమారు 1,400 గ్రాముల బరువుండును. అందు సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని ఇటీవలి లెక్కలు తెలుపుచున్నవి. ఒక్కొక్క కణము వేలకొలది ఇతర కణములతో సంబంధము కలిగి, విద్యుత్తు మూలమునను రసాయన ద్రవ్యముల మూలమునను వానితో సందేశములు జరుపుచుండును. మెదడునందలి వేర్వేఱు భాగములు వేర్వేఱు పనులు చేయునని 19వ శతాబ్దముననే కొంతవరకు తెలిసెను. 1861లో పాల్ బ్రోకా అను ఫ్రెంచి వైద్యుడు, మాట పడిపోయిన యొక రోగి మెదడును అతని మరణానంతరము పరీక్షించెను. ఎడమవైపు ముందుభాగమున దెబ్బతిన్న చోటు కనబడెను. మాటాడుటకు ఆ చోటు ముఖ్యమని ఆయన చాటెను.

కాని జ్ఞాపకమునకు అట్టి ప్రత్యేకస్థాన మేదియు కానరాదయ్యెను. కార్ల్ లాష్లీ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఎలుకలకు చిక్కుదారులలో నడచుట నేర్పి, వాని మెదడులో ఒక్కొక్క భాగమును దెబ్బతీసి చూచెను. ఏ యొక్క భాగము పోయినను, నేర్చినది పూర్తిగా నశింపదయ్యెను. కావున జ్ఞాపకము ఒక మూలను దాగియుండునది కాదని 1950లో ఆయన వ్రాసెను. సుమారు మూడేండ్లకు జరిగిన యొక శస్త్రచికిత్స ఈ యభిప్రాయమును మార్చివేసెను.

హెన్రీ 1926లో జన్మించెను. బాల్యముననే అతనికి మూర్ఛరోగము సోకెను. మొదట అది క్షణకాలము స్పృహ తప్పుటతో పోవుచుండెడిది. 15 ఏండ్ల వయస్సు వచ్చునప్పటికి శరీరమంతయు కొట్టుకొను తీవ్రమైన మూర్ఛలు ప్రారంభమయ్యెను. చదువు ముగించి పనిలో చేరెను గాని, వ్యాధి నానాటికి ముదిరి, అతడు పనిచేయుటకే వీలు లేకపోయెను. వైద్యు లెంత మందిచ్చినను గుణము కానరాలేదు. తుదకు 1953లో, అతని 27వ యేట, హార్ట్‌ఫర్డ్ నగరమున విలియం స్కోవిల్ అను శస్త్రవైద్యుడు అతని మెదడునకు చికిత్స చేసెను. కన్నులకు పైగా కపాలమున రెండు రంధ్రములు చేసి, మెదడునకు రెండు ప్రక్కలను లోపలివైపున నున్న కొంత భాగమును తొలగించెను. అందు హిప్పోకాంపస్ అను భాగములో ఎక్కువ పాలు పోయెను. సముద్రగుఱ్ఱ మను చిన్న చేపను పోలిన వంపు కలిగియుండుటచే దాని కా గ్రీకు పేరు వచ్చినది. అది చేయు పని యేమో ఆనాటికి ఎవరికిని స్పష్టముగా తెలియదు.

మూర్ఛలు చాలవరకు తగ్గినవి. కాని ఊహింపని ఆపద యొకటి సంభవించెను. ప్రతిదినము తనకు సేవచేయు ఆసుపత్రివారిని హెన్రీ గుర్తుపట్టలేకపోయెను. స్నానపుగదికి దారి యెటో ఎన్నిమాఱులు చెప్పినను అతనికి తెలియదయ్యెను. ఇంటికి వచ్చిన పిమ్మటను అంతే. చదివిన పత్రికనే క్రొత్తదానివలె మఱల చదువును. భోజనము చేసిన యరగంటకు తాను భుజించిన సంగతియే మఱచును. అతని కుటుంబము వేఱొక యింటికి మాఱగా, పాత యింటి చిరునామా చెప్పగలడు గాని క్రొత్తది నేర్వజాలడు. అతనికి మిక్కిలి ప్రియమైన మేనమామ మరణించెను. ఆ వార్త వినినప్పుడు అతడు ఎంతో దుఃఖించెను. కొంతసేపటికి దానిని మఱచి, మామ ఎప్పుడు వచ్చునని అడుగుచుండెను. మఱల చెప్పినచో, అప్పుడే తొలిసారి వినినట్లు మఱల దుఃఖించుచుండెను.

ఈ సంగతి తెలిసి 1955లో కెనడా దేశమునందలి మాంట్రియల్ నగరమునుండి బ్రెండా మిల్నర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు అతనిని చూడవచ్చెను. అతని తెలివికి లోపమేమియు లేదని ఆమె పరీక్షలలో తేలెను. అతని సంభాషణ మర్యాదగా నుండెను. మాటలకు తడుముకొను పని లేదు. బాల్యపు సంగతులు కూడ చెప్పెను. కాని నేటి తేదీ యేమని యడుగగా 1953 మార్చి యనెను. వయస్సు 27 సంవత్సరము లనెను. శస్త్రచికిత్సకు ముందున్న కాలముననే అతని గడియారము నిలిచిపోయెను.

ఒకనాడు ఆమె అతనికి 584 అను సంఖ్యను చెప్పి, దానిని జ్ఞాపకముంచుకొమ్మనెను. హెన్రీ పావుగంటసేపు కదలక కూర్చుండి దానిని నిలుపుకొనెను. ఎట్లు నిలుపుకొంటివని యడుగగా తన యుపాయమును వివరించెను. 5, 8, 4 కలిపిన 17 అగును. 8ని గుర్తుంచుకొని 17 నుండి తీసివేసిన 9 మిగులును. 9ని రెండుగా విడదీసిన 5, 4 వచ్చును. అప్పుడు 584 దొరకును. ఇట్టి లెక్క వేయగలవాడు మందబుద్ధి కాడు గదా! కాని మాట మఱొక విషయముపైకి మఱలిన నిమిషమునకు ఆ సంఖ్యయు లేదు, ఉపాయమును లేదు, సంఖ్య యొకటి చెప్పిరన్న తలంపును లేదు.

దీనినిబట్టి ముఖ్యమైన సత్య మొకటి బయల్పడెను. జ్ఞాపకశక్తి పలక వంటిది కొంత, పుస్తకము వంటిది కొంత. అప్పటి కప్పుడు మనస్సున నిలుచునది పలకమీది వ్రాత. ఏండ్ల తరబడి నిలుచునది పుస్తకములోని వ్రాత. హెన్రీకి పలక యున్నది. బాల్యమున వ్రాయబడిన పుస్తకమును చాలవరకు ఉన్నది. కాని పలకమీదినుండి పుస్తకములోని కెక్కించు వ్రాయసకాడు లేకపోయెను. ఆ వ్రాయసకాని స్థానమే హిప్పోకాంపస్. 1957లో స్కోవిల్, మిల్నర్ కలిసి ఈ విషయమును ప్రకటించిరి. ఈ భాగమును రెండు ప్రక్కలను తొలగించుట ఎంత ప్రమాదకరమో అందు వైద్యలోకమును హెచ్చరించిరి. తన చేతిమీదుగా జరిగిన హానిని దాచిపెట్టక వెల్లడించుటచే, స్కోవిల్ ఎందరో రోగులను అట్టి విపత్తునుండి తప్పించినవా డయ్యెను.

మిల్నర్ పరిశోధన అంతటితో ఆగలేదు. ఆమె ఒక కాగితముపై రెండేసి గీతలతో నక్షత్రపు బొమ్మను గీచి, ఆ గీతల నడుమనుండి పెన్సిలుతో బొమ్మ చుట్టును గీయుమని హెన్రీకి చెప్పెను. కాని కాగితమును గాని చేతిని గాని సూటిగా చూడరాదు. ఎదుటి అద్దములోని ప్రతిబింబమును మాత్రమే చూడవలెను. ముందునకు పోవలసిన చేయి వెనుకకు పోవుచుండుటచే ఎవరికైనను ఇది మొదట కష్టముగానే యుండును. హెన్రీ మూడు దినములు, దినమునకు పదేసి మాఱులు, ఈ పని చేసెను. ప్రతిదినము అతనికి ఇది క్రొత్తపనియే. అట్టి బొమ్మను మున్ను చూచినట్లే యెఱుగడు. అయినను తప్పులు నానాటికి తగ్గుచు వచ్చెను. మూడవనాడు చక్కగా గీచి, ఇంత సులభమని తాననుకొనలేదని తానే యాశ్చర్యపడెను.

చేతికి తెలిసినది అతనికి తెలియదు! దీనిచే జ్ఞాపకము ఒక్కటి కాదని స్థిరపడెను. జరిగిన సంగతులను, పేర్లను, తేదీలను జ్ఞాపకముంచుకొనుట ఒక విధము. ఈత, సైకిలు త్రొక్కుట, వీణ వాయించుట మొదలగు నేర్పులను నిలుపుకొనుట మఱొక విధము. మొదటిదానికి హిప్పోకాంపస్ ఆవశ్యకము. రెండవది చిన్నమెదడు మొదలగు ఇతర భాగములపై ఆధారపడి యుండును. ఈత నేర్చినవాడు ఏ దినమున నేర్చెనో మఱచినను నీటిలో మునిగిపోకుండుట యిందువలననే.

హెన్రీ చూపిన దారిని తరువాతి శాస్త్రజ్ఞులు ముందునకు నడిచిరి. 1971లో లండను నగరమున జాన్ ఓకీఫ్ ఎలుకల హిప్పోకాంపస్‌నందు విచిత్రమైన కణములను కనుగొనెను. ఎలుక గదిలో ఒక చోట నున్నప్పుడు ఒక కణము, మఱొక చోటికి పోయినప్పుడు వేఱొక కణము ఉత్తేజము పొందుచుండెను. అనగా ఆ భాగమున పరిసరముల పటము వంటి దొకటి రచింపబడుచున్నది. నార్వే దేశమునకు చెందిన మే-బ్రిట్ మోసర్, ఎడ్వర్డ్ మోసర్ అనువారు ప్రక్కభాగమున, దూరములను కొలుచుటకు తోడ్పడు కణములను 2005లో వెల్లడించిరి. ఈ మువ్వురకును 2014లో నోబెల్ బహుమాన మీయబడెను.

ఎలుకలలో చూచినది మనుష్యులలోను నిజమగునా? కపాలమును తెఱవకయే అయస్కాంతశక్తితో మెదడు లోపలి రూపమును చూపు ఎం.ఆర్.ఐ. యంత్రము ఇందుకు సహాయపడెను. లండను టాక్సీ నడుపు అనుమతి పొందగోరువారు నగరమధ్యమునుండి సుమారు పది కిలోమీటర్ల మేరగల దాదాపు 25,000 వీధులను కంఠస్థము చేయవలెను. దానికి మూడు నాలుగేండ్లు పట్టును. ఎలినార్ మగ్వైర్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో కూడి అట్టి 16 మంది చోదకుల మెదళ్ళను పరీక్షించి 2000లో ఫలితములను ప్రకటించెను. వారి హిప్పోకాంపస్ వెనుకభాగము ఇతరులకంటె పెద్దదిగా నుండెను. ఎక్కువ యేండ్లు టాక్సీ నడిపినవారిలో అది మఱింత పెద్దదిగా నుండెను.

అట్టి మెదడు పుట్టుకతో కలిగినవారే ఆ వృత్తిని చేపట్టిరేమో యను సందేహము కలుగవచ్చును. దానిని తీర్చుటకు, శిక్షణ ప్రారంభించుచున్న 79 మందిని ముందే పరీక్షించి, కొన్ని యేండ్ల పిమ్మట వారిని మఱల పరీక్షించిరి. 2011లో ఫలితము వెలువడెను. మొదట వారందఱి మెదళ్ళును ఇతరుల మెదళ్ళ వంటివే. శిక్షణ ముగించి అర్హత పొందిన 39 మందిలో మాత్రము ఆ వెనుకభాగము పెరిగెను. అర్హత పొందనివారిలో పెరుగదయ్యెను. పెరుగుటకు మూల్యమును కలదు: అర్హత పొందినవారు క్రొత్త చిత్రరూపములను జ్ఞాపకముంచుకొను పరీక్షలో కొంత వెనుకబడిరి. ఏమైనను, ఎదిగిన మనుష్యుని మెదడు సయితము సాధనచే మాఱునని ఇందువలన ఋజువయ్యెను.

హెన్రీ కడపటి సంవత్సరములు ఒక వృద్ధసంరక్షణ గృహమున గడచెను. పదబంధప్రహేళికలు పూరించుట అతనికి ఇష్టమైన కాలక్షేపము. సుజాన్ కార్కిన్ అను శాస్త్రజ్ఞురాలు 1962 మొదలుకొని నలువదేండ్లకు పైగా అతనిని పరీక్షించెను. అయినను ఆమె ఎవరో అతడు ఎఱుగడయ్యెను. బడిలో కలిసి చదివినవారిలో నొకతె కావచ్చునని యనుకొనుచుండెను. ఎన్ని పరీక్షలు చేసినను అతడు విసుగుకొనక సహకరించెను. తన వలన తెలిసిన విషయము ఇతరులకు మేలుచేయుననుటయే అతనికి తృప్తి.

అతడు జీవించియున్నంతకాలము శాస్త్రగ్రంథములలో అతనిని హెచ్.ఎం. అను రెండక్షరములతోనే పేర్కొనిరి. 2008 డిసెంబరు 2వ తేదీన, 82వ యేట, అతడు మరణించిన పిమ్మటనే పూర్తి పేరు లోకమునకు తెలిసెను. ముందుగా ఇచ్చిన సమ్మతి ననుసరించి అతని మెదడు పరిశోధనకు సమర్పింపబడెను. మఱుసటి సంవత్సరము శాన్ డియేగో నగరమున దానిని గడ్డకట్టించి, 53 గంటలపాటు ఎడతెగక శ్రమించి, వెండ్రుకవలె సన్నని 2,401 పొరలుగా కోసి భద్రపఱచిరి.

నిన్నటి దినమును నిలుపుకొనలేని మనుష్యుడు, నిన్నటి దినము ఎట్లు నిలుచునో లోకమునకు నేర్పెను. నేడు విద్యార్థి యొక పాఠమును చదివి రేపటికి జ్ఞాపకముంచుకొనిన యెడల, హెన్రీ కోల్పోయిన ఆ చిన్నభాగమే అతనికై పనిచేయుచున్నదని గ్రహింపవలెను.