పాత పెట్రోల్ కారు స్టార్ట్ అవ్వట్లేదా? కీ తిప్పినప్పుడు వచ్చే శబ్దంతోనే సగం సమస్య తెలిసిపోతుంది!

సామాను డిక్కీలో సర్దేశారు. పిల్లలు వెనక సీట్లో కూర్చున్నారు. తీరా కీ తిప్పితే కారు స్టార్ట్ కాదు. బెజవాడలోనూ, గుడివాడ, నూజివీడు, మచిలీపట్నం వైపూ మారుతీ 800, జెన్, శాంత్రో లాంటి పాత పెట్రోల్ కార్లను ఇప్పటికీ ప్రాణంగా చూసుకునేవాళ్లు ఉన్నారు. మారుతీ 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద కనిపించే ప్రతి 800కీ పదేళ్లు దాటిపోయినట్టే. ఇలాంటి బండి మొండికేసినప్పుడు చాలామంది కంగారులో కీ తిప్పుతూనే ఉంటారు. దానివల్ల బ్యాటరీ దిగిపోతుంది, స్టార్టర్ మోటార్ వేడెక్కుతుంది. వరద నీళ్లలో మునిగిన కారైతే ఏకంగా ఇంజినే పోవచ్చు.

ముందు శబ్దం వినండి

కీ తిప్పగానే ఏ శబ్దమూ లేదు, లేదంటే 'టక్ టక్' మని ఆగిపోతోందా? అప్పుడు అనుమానం కరెంటు మీదే. హెడ్‌లైట్లు వేసి, ఒకరిని ముందు నిలబెట్టి కీ తిప్పండి. లైట్లు బాగా మసకబారినా, ఆరిపోయినా బ్యాటరీలో చార్జ్ లేదని లేదా టెర్మినల్ కనెక్షన్ సరిగా లేదని అర్థం. లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నా ఒక్క 'టక్'తో ఆగిపోతుంటే స్టార్టర్ లేదా దానికి వెళ్లే వైర్లు చూపించాలి.

బ్యాటరీ మార్చేయాలని తేల్చుకునే ముందు టెర్మినల్స్ చూడండి. వాటి చుట్టూ తెల్లగానో, ఆకుపచ్చగానో పొడి పేరుకుంటుంది. నెగెటివ్ వైరు ముందు, పాజిటివ్ వైరు తర్వాత విప్పి, వేడినీళ్లతో కడిగి, ఆరాక గట్టిగా బిగిస్తే చాలాసార్లు బండి లేస్తుంది. ఖర్చు సున్నా. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ వైరు కూడా చూడాలి. సముద్రపు గాలి తగిలే అవనిగడ్డ, బందరు వైపు ఈ జాయింట్లు త్వరగా తుప్పు పడతాయి. మల్టీమీటర్ ఉంటే ఇంకా తేలిక: ఆగి ఉన్న కారులో 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ చార్జ్, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ అయినట్టే.

ఇంకో సంగతి. బ్యాటరీలు చలికి పోతాయనేది చల్లటి దేశాల మాట. మన దగ్గర వాటిని తినేది ఎండ. బ్లేజ్‌వాడ అని పేరు పడ్డ ఊళ్లో మే నెలంతా దెబ్బతిన్న బ్యాటరీ, వానలు మొదలయ్యాక ఏదో ఒక పొద్దున చేతులెత్తేస్తుంది.

ఇంజిన్ తిరుగుతోంది, కానీ అంటుకోవట్లేదు

అసలు తలనొప్పి ఇక్కడే. ఇంజిన్ అంటుకోవాలంటే నిప్పు, పెట్రోల్, గాలి సరైన సమయంలో కలవాలి. పెట్రోల్ గేజ్‌ని మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. పాత కార్లలో ట్యాంకు ఖాళీ అయినా ముల్లు పావు దగ్గరే నిలబడి ఉండొచ్చు. మెకానిక్ వచ్చాక ఈ సంగతి బయటపడితే పరువు పోతుంది.

ఎంపీఎఫ్ఐ కారైతే కీ ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు సెకన్ల పాటు సన్నగా 'జుయ్' మనాలి. అది ట్యాంకులోని పెట్రోల్ పంపు. శబ్దం రాకపోతే మొదట ఫ్యూజ్, తర్వాత రిలే, ఆ తర్వాతే పంపు. కార్బొరేటర్ ఉన్న పాత 800లో పంపు ఇంజిన్ మీదే ఉంటుంది కాబట్టి ఈ శబ్దం రాదు. అందులో పొద్దున్నే చోక్ లాగడం మర్చిపోవడమే పెద్ద సమస్య. చోక్ లాగి, యాక్సిలరేటర్ పదేపదే తొక్కితే పెట్రోల్ ఎక్కువై ప్లగ్గులు తడుస్తాయి. బానెట్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటుంటే చోక్ లోపలికి తోసి, పది నిమిషాలు ఆగి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని ఐదు సెకన్లు తిప్పి చూడండి.

వానాకాలంలో డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల చేరే తేమ పాత కార్లకు శాపం. క్యాప్ విప్పి పొడి గుడ్డతో తుడిస్తే బండి లేవడం డెల్టాలో మామూలే. ప్లగ్గు వైర్లకు పగుళ్లుంటే కరెంటు దారి తప్పుతుంది. చీకట్లో బానెట్ ఎత్తి ఇంజిన్ తిప్పితే ఆ చోట చిన్న మెరుపులు కనిపిస్తాయి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు, అక్కడ ఉండేది వేల వోల్టులు. పొలాల పక్క ఊళ్లలోనైతే ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడాలి. కోతలయ్యాక అవి వెచ్చటి బానెట్ వెతుక్కుంటూ వస్తాయి.

ఇంజిన్ ఎప్పటికంటే తేలిగ్గా, వేగంగా, ఒకే ధ్వనితో తిరుగుతుంటే టైమింగ్ బెల్ట్ తెగి ఉండొచ్చు. వెంటనే ఆపేయండి. ఆ తర్వాత పని ఆటోనగర్‌దే.

నెలల తరబడి షెడ్డులో ఉన్న కారుకు ఇంకో చిక్కు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ తేమను లాక్కుంటుంది, పాతకాలం రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. పైపు చెమర్చినట్టు కనిపించినా మార్చేయాలి, లేకపోతే మంటల ప్రమాదం.

మునిగిన కారైతే కీ ముట్టుకోవద్దు

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీటమునిగాయి. కార్లు, ఆటోలు, బైకులు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. నీళ్లు తగ్గగానే 'ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం' అనిపించడం సహజం. అదే ప్రమాదం. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. సిలిండర్‌లో నీళ్లుండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పటిదాకా ఆయిల్ మార్పిడి, శుభ్రం చేయడంతో పోయే పని, ఇంజిన్ దించి విప్పేదాకా వెళ్తుంది. పాత కారు విలువ కంటే ఆ ఖర్చే ఎక్కువ కావొచ్చు.

బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే. మెకానిక్ ప్లగ్గులన్నీ విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్లు బయటికి పంపాలి. ఆయిల్, ఫిల్టర్లు మార్చాకే కీ.

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. కాంప్రహెన్సివ్ పాలసీలో వరద నష్టానికి కవర్ ఉంటుంది. కానీ మునిగాక స్టార్ట్ చేయబోయి ఇంజిన్ పాడైతే, ఇంజిన్ ప్రొటెక్ట్ యాడ్ ఆన్ లేనివారి క్లెయిమ్‌ను కంపెనీలు సాధారణంగా తిరస్కరిస్తాయి. నీటి మట్టం కనిపించేలా ఫోటోలు తీసి, కంపెనీకి చెప్పి, టోయింగ్ వ్యాన్‌లోనే షెడ్డుకు పంపాలి. పాత కారే కదా అని థర్డ్ పార్టీ ఒక్కటే కట్టినవాళ్లకు మాత్రం సొంత బండి నష్టానికి రూపాయి రాదు.