ఆట లేని రోజుల్లో... అసలు ఆట!

డబ్బు పెట్టేది యజమాని. సంతకం చేసేది ఆటగాడు. ‘మన జట్టుకి ఎవర్ని తెచ్చుకుందాం’ అని చలికాలమంతా బుర్ర బద్దలు కొట్టుకునేది మాత్రం అభిమాని. అమెరికా బేస్‌బాల్‌లో ఏటా సాగే ఈ తగువు... తీరా ఆటగాడు వచ్చాక ఏమవుతుంది?

నవంబరు వచ్చేసరికి అమెరికాలో బేస్‌బాల్ సీజన్ ముగిసిపోతుంది. మళ్లీ మార్చి చివరి దాకా అసలు మ్యాచ్‌లుండవు. ఆర్నెల్ల పాటు 162 మ్యాచ్‌లు చూసిన అభిమాని ఆ ఖాళీలో ఏం చేస్తాడు? వాదించుకుంటాడు! ఎవరు రావాలి, ఎంత పెట్టొచ్చు, ఎన్నేళ్లకు రాసుకోవచ్చు... ఇంట్లో, ఆఫీసులో, స్పోర్ట్స్ రేడియోకి ఫోన్ చేసి మరీ. ఈ చర్చలకు అక్కడో ముద్దుపేరుంది... ‘హాట్‌స్టవ్ లీగ్’. పూర్వం చలికాలంలో నలుగురూ పొయ్యి చుట్టూ చేరి చెప్పుకునే బేస్‌బాల్ కబుర్ల నుంచి పుట్టిన మాట. మన రచ్చబండ లాంటిదే.

ఆ పొయ్యి భగభగా మండిన ఏడాది 2022. ట్రే టర్నర్, జాండర్ బోగార్ట్స్, డాన్స్‌బీ స్వాన్సన్, కార్లోస్ కొరియా... పేరున్న నలుగురు షార్ట్‌స్టాప్‌లు ఒకేసారి ‘ఫ్రీ ఏజెంట్లు’ అయ్యారు. ఇంకేం, ఊరూరా తగువే!

వేలం కాదు... స్వయంవరం
ఐపీఎల్ వేలం మనకు తెలుసు. 2024 నవంబరులో రిషబ్ పంత్‌ను లఖ్‌నవూ జట్టు 27 కోట్ల రూపాయలకు పాడుకుంది. వేలంలో పేరు పెట్టుకున్నాక, ఎవరు ఎక్కువ పాడితే ఆ జట్టుకే ఆడాలి. ఫ్రీ ఏజెన్సీ అలా కాదు. మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండి, ఒప్పందం ముగిసిన ఆటగాడు 30 జట్లలో దేనితోనైనా బేరమాడొచ్చు. ఎక్కువ ఇస్తామన్నవాళ్లకు వద్దని దండం పెట్టి, నచ్చినచోటికి వెళ్లొచ్చు.

ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒప్పందం ముగిసినా ఆటగాడు పాత జట్టు సొత్తే. 1969లో సెయింట్ లూయిస్ జట్టు కర్ట్ ఫ్లడ్ అనే ఆటగాణ్ని ఫిలడెల్ఫియాకు బదిలీ చేసింది. ‘కొనడానికీ అమ్మడానికీ నేనేమన్నా వస్తువునా’ అన్నది ఆ నల్లజాతి ఆటగాడి అభ్యంతరం. వెళ్లనన్నాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1972లో ఓడిపోయాడు. కెరీరూ పోయింది. కానీ అతను రాజేసిన నిప్పు ఆరలేదు. 1975 డిసెంబరులో ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు పిచర్ల వివాదంలో మధ్యవర్తి పీటర్ సైట్జ్ ఆటగాళ్ల వైపే తీర్పిచ్చాడు. గొలుసు తెగింది.

అందరి కళ్లూ అక్కడే!
బేస్‌బాల్ మైదానంలో లోపలి భాగం పలక ఆకారంలో ఉంటుంది. దాని మూలల్లో బేస్‌లు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపు కాసేవాడే షార్ట్‌స్టాప్. కుడిచేతి బ్యాటర్లు బలంగా కొట్టే బంతులు చాలావరకూ అటే దూసుకొస్తాయి. వాటిని అందుకుని, కాళ్లు నిలదొక్కుకునే లోపే, మైదానానికి ఆ చివరనున్న మొదటి బేస్‌కి విసరాలి. ఆ పని చేయగలవాళ్లే తక్కువ. చేస్తూ బ్యాటుతోనూ బాదగలవాడంటే బంగారు బాతే!

అందుకే ఆ నలుగురి కోసం అంత గోల. ఒకరు పరుగు గురించి చెబితే ఇంకొకరు అనుభవం గురించి. టర్నర్ చిరుతలా పరిగెడతాడు, 2022లో 27 బేస్‌లు దొంగిలించాడు. బోగార్ట్స్ బోస్టన్‌తో రెండుసార్లు ప్రపంచ సిరీస్ గెలిచాడు. స్వాన్సన్ ఆ ఏడాదే ఫీల్డింగుకిచ్చే గోల్డ్ గ్లవ్ అందుకున్నాడు. నలుగురిలో చిన్నవాడు కొరియా, వయసు 28. కాకపోతే అతను ఆడిన 2017 హ్యూస్టన్ జట్టు మీద ప్రత్యర్థుల సైగలను కెమెరాతో దొంగచాటుగా చూసిందన్న మచ్చ ఉంది.

వాదనలో అంకెలూ ఉంటాయి. ‘వార్’ అనే లెక్కయితే స్కూలు పిల్లలూ చెబుతారు. సులువుగా దొరికే ఓ మామూలు ఆటగాడి బదులు ఇతన్ని ఆడిస్తే జట్టుకి అదనంగా ఎన్ని విజయాలొస్తాయన్నది దాని సారాంశం. అయితే అది జరిగిపోయిన ఆటకు లెక్క. డబ్బు ఇవ్వాల్సింది జరగబోయే ఆటకు. అసలు చిక్కంతా అక్కడే.

నలభై ఏళ్ల దాకా జీతం
ఫిలడెల్ఫియా ఫిలీస్ 2022 ప్రపంచ సిరీస్‌లో హ్యూస్టన్ చేతిలో ఓడింది. డిసెంబరు 5న టర్నర్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. 11 ఏళ్లు, 30 కోట్ల డాలర్లు. అప్పటి రేటులో దాదాపు 2,500 కోట్ల రూపాయలు! అప్పటికి టర్నర్‌కు 29 ఏళ్లు. ఒప్పందం తీరేసరికి నలభై. శాన్‌డియేగో ఇంకా ఎక్కువ ఇస్తానన్నా వెళ్లలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. అతని భార్యది పక్క రాష్ట్రమైన న్యూజెర్సీ. పాత జట్టులో తనతో ఆడిన బ్రైస్ హార్పర్ ఫిలడెల్ఫియాలో ఉన్నాడు. ఒకప్పుడు కర్ట్ ఫ్లడ్ రానన్న ఊరికే... టర్నర్ కోరి వచ్చాడు!

నలభై ఏళ్లవాడు ఆ చోట బంతుల్ని ఆపగలడా? ఆపలేడనే అందరికీ తెలుసు. మరెందుకన్నేళ్లు? జీతాల మొత్తం ఓ హద్దు దాటిన జట్టు పన్ను కట్టాలి. ఆ లెక్కలో ఒప్పందం సొమ్మును ఏళ్లతో భాగించి సగటు తీస్తారు. ఏళ్లు పెరిగితే సగటు తగ్గుతుంది. అంటే కుర్రతనంలో ఆడిన ఆటకు ముసలితనం దాకా వాయిదాలన్నమాట!

మిగతా ముగ్గురి కథా చూడండి. బోగార్ట్స్‌ను 11 ఏళ్లకు 28 కోట్ల డాలర్లిచ్చి శాన్‌డియేగో తీసుకుంది. స్వాన్సన్ ఏడేళ్లకు 17.7 కోట్ల డాలర్లతో షికాగో చేరాడు. ఫుట్‌బాల్ క్రీడాకారిణి అయిన అతని భార్య మాలరీ ఆడేదీ ఆ ఊళ్లోనే. కొరియా విషయంలో మాత్రం సినిమా నడిచింది. శాన్‌ఫ్రాన్సిస్కో 35 కోట్ల డాలర్లు ఇస్తానంది. పరిచయ సభ జరగాల్సిన రోజే దాన్ని వాయిదా వేసింది. వైద్య పరీక్షలో కాలికి ఎప్పుడో జరిగిన ఆపరేషన్ అడ్డొచ్చింది. వెంటనే న్యూయార్క్ మెట్స్ 31.5 కోట్లన్నారు. అక్కడా అదే కాలు, అదే అనుమానం! చివరికి 2023 జనవరిలో 20 కోట్లకు, ఆరేళ్లకు పాతగూడు మినసోటాకే చేరాడు. సంబరం చేసుకున్న రెండు నగరాల అభిమానులూ నోరెళ్లబెట్టారు.

ఆగస్టు 4... శుక్రవారం
సీజన్ మొదలైంది. టర్నర్ బ్యాటు మొరాయించింది. ఏప్రిల్, మే, జూన్, జులై... అదే వరస. 2023 ఆగస్టు 2న మయామీలో అతను వదిలేసిన బంతి మ్యాచ్‌నే పోగొట్టింది. ఫిలడెల్ఫియా అభిమానులంటే మామూలువాళ్లు కాదు. 1968లో ఓ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో శాంటాక్లాజ్ వేషంలో వచ్చినవాడినే మంచుగడ్డలతో కొట్టిన ఊరది! సొంత ఆటగాణ్ని ‘బూ’ అంటూ గేలి చేయడంలో వాళ్లకు వాళ్లే సాటి.

ఈసారి మరోలా జరిగింది. ‘అతను రేపు వస్తాడు. తిట్టొద్దు. లేచి నిలబడి చప్పట్లు కొడదాం’ అనే ఆలోచన రేడియోలో, సోషల్ మీడియాలో పాకింది. ఆగస్టు 4న సొంత మైదానంలో టర్నర్ బ్యాటు పట్టుకుని రాగానే స్టేడియం మొత్తం లేచి నిలబడింది. అప్పటికి అతని సగటు .235. కొట్టింది పది హోమ్ రన్లు.

ఆ తర్వాత? సీజన్ ముగిసేలోగా మరో 16 హోమ్ రన్లు! ఆ రెండు నెలల్లో సగటు .337. చప్పట్లే మందయ్యాయని లెక్కలేసి చెప్పలేం. ఎప్పుడో ఒకప్పుడు ఆట ఎలాగూ కుదుటపడేదేమో. టర్నర్ మాత్రం ఊరి చుట్టుపక్కల బిల్‌బోర్డుల మీద అభిమానులకు కృతజ్ఞతలు రాయించాడు. ఆ ఏడాది ఫిలీస్ ప్రపంచ సిరీస్ దాకా వెళ్లలేదు. అయినా ఫిలడెల్ఫియాలో ఆ శుక్రవారాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2025లో 32 ఏళ్ల వయసులో టర్నర్ .304తో నేషనల్ లీగ్ బ్యాటింగ్ కిరీటమూ అందుకున్నాడు. అప్పటికి ఇంకా ఎనిమిదేళ్ల ఒప్పందం మిగిలే ఉంది!

గెలిచిందెవరు?
టెక్సస్ రేంజర్స్‌నే చూడండి. 2000 డిసెంబరులో షార్ట్‌స్టాప్ అలెక్స్ రోడ్రిగెజ్‌కు పదేళ్లకు 25.2 కోట్ల డాలర్లు రాసిచ్చింది. అతను అద్భుతంగా ఆడినా జట్టు మాత్రం వరసగా మూడేళ్లు తన డివిజన్లో అట్టడుగునే. 2004లో అతన్ని వదిలించుకుంది. అంత జరిగినా... 2021లో కోరీ సీగర్, మార్కస్ సెమియన్ అనే ఇద్దరు ఇన్‌ఫీల్డర్లకు కలిపి 50 కోట్ల డాలర్లు! మర్నాటి ఏడాది 94 ఓటములు. ‘మేం ముందే చెప్పాం’ అన్నవాళ్లు కాలరెగరేసే లోపే 2023లో ప్రపంచ సిరీస్ గెలిచేసింది. సీగరే ఆ సిరీస్ హీరో.

కాబట్టి పొయ్యి దగ్గర ఎవరి మాట నెగ్గిందో తేలాలంటే ఏళ్లు పడుతుంది. ఎవర్ని తేవాలన్నది అభిమాని చేతిలో లేదు. వచ్చినవాడు తడబడితే ఏం చేయాలన్నది మాత్రం పూర్తిగా అతని చేతిలోనే ఉంది. ఫిలడెల్ఫియా వాళ్లు ఓ సాయంత్రం ఆ చేతులతో చప్పట్లు కొట్టారు.

అలాగని తగువు మానేశారనుకునేరు! నవంబరు రానీయండి... పొయ్యి మళ్లీ రాజుకుంటుంది.