చెప్పుల స్టాండు టోకెను

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు బీరువా సర్దుతుంటే ఒక సీడీ బయటపడింది. కవరు మీద వాళ్ల నాయనమ్మ చేతిరాత: "పచ్చళ్లు, పొడులు, 2003". ఆవిడ పోయి ఆరేళ్లయింది. 2003లో ఆవిడ కూరలు తరుగుతూ చెబుతుంటే నేను నోటుపుస్తకంలో రాసుకుని, వీధి చివర డీటీపీ సెంటర్లో టైపు చేయించాను. ఆ నోటుపుస్తకం ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. మిగిలింది ఈ సీడీ ఒక్కటే.

ఎదురింటివాళ్ల దగ్గర సీడీ డ్రైవు అడిగి తెచ్చి తగిలించాం. ఫైలు తెరుచుకుంది, కానీ తెరమీద ఒక్క తెలుగు అక్షరమూ లేదు. డాలరు గుర్తులు, ప్లస్సులు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు వరసగా నిలబడ్డాయి.

"పాడైపోయింది తాతయ్యా" అంది దిగులుగా.

పాడవలేదమ్మా, కూర్చో చెబుతానన్నాను. పిల్లలూ, మీరూ వినండి.

గుడికి వెళ్లినప్పుడు చెప్పులు స్టాండులో ఇస్తే 47 అని టోకెను ఇస్తారు కదా. ఆ 47కి ఆ స్టాండులోనే అర్థం. అదే టోకెను పట్టుకుని పక్క స్టాండుకి వెళ్తే ఎవరివో చెప్పులు చేతిలో పెడతారు. కంప్యూటరు అక్షరాలను దాచుకునేదీ ఇలాగే. దానికి 'క' తెలియదు, ఒక అంకె తెలుసు. ఆ అంకెకు ఏ బొమ్మ చూపించాలో ఫాంటు చెబుతుంది.

పాత ఫాంట్లలో ఉన్న గళ్లు 256. వాటిలో సగానికి అప్పటికే ఇంగ్లీషు అక్షరాల పేర్లున్నాయి. మన గుణింతాలు, ఒత్తులు వాటిలో ఎలా పడతాయి? అందుకని ఫాంటు చేసినవాళ్లు అక్షరాలను ముక్కలు చేశారు. తలకట్టు ఒక ముక్క, కొమ్ము ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. అచ్చాఫీసులో కంపోజిటరు సీసం అచ్చులు ఏరి పేర్చినట్టే. డాలరు గుర్తు ఉండాల్సిన గదిలో ఒక ఒత్తు కూర్చునేది. ఒక్కో ఫాంటు తయారీదారుది ఒక్కో వరస. వాళ్లను తప్పుపట్టను. కంప్యూటరుకు తెలుగు రాని రోజుల్లో మన పెళ్లి శుభలేఖలు, పత్రికలు, పాఠ్యపుస్తకాలు అచ్చయింది ఆ ఫాంట్ల పుణ్యమే. కాకపోతే ఆ స్టాండు మూతపడితే మన చెప్పులు లోపలే ఉండిపోతాయి.

ప్రపంచమంతటికీ ఒకే టోకెను ఉండాలని వచ్చిందే యూనికోడ్. 1991లో మొదటి సంచికలోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. మన 'క' నంబరు 3093. హైదరాబాదులో, డాలస్‌లో, ఏ కంపెనీ ఫోన్లోనైనా అదే. ఇంకో అందం చూడండి: హిందీ 'క' 2325. తేడా 768. 'గ'కీ, 'మ'కీ కూడా అదే తేడా. మన 'క'కి 128 కలిపితే కన్నడ 'క' వస్తుంది. భారతీయ లిపులన్నిటిదీ ఒకే వర్ణమాల అని గుర్తించి, మన దేశంలో తయారైన ఇస్కీ ప్రమాణం అక్షరాలను ఆ వరసలో కూర్చోబెట్టింది. యూనికోడ్ ఆ వరసనే తీసుకుంది. ఇది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇందులో ఒత్తుకు విడిగా గది లేదు. 'అమ్మ' అని రాస్తే లోపల అ, మ, పొల్లు, మ అని నాలుగు అంకెలే పడతాయి. రెండో 'మ'ను కిందికి దించి ఒత్తుగా చూపించడం తెరకు దగ్గరున్న సాఫ్ట్‌వేరు పని. అది చిన్న పనేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. సవరించిన సాఫ్ట్‌వేరు వచ్చాకే నిలదొక్కుకున్నాయి.

మరి 2003లో మా ఊరి డీటీపీ సెంటరు యూనికోడ్ ఎందుకు వాడలేదంటే, అప్పటికే విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, పేజీలు పేర్చే సాఫ్ట్‌వేరుకు ఆ విద్య ఇంకా పట్టుబడలేదు. విచిత్రంగా అదే యేడు డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి నాంది పలికిన వెన్న నాగార్జున గారే పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పనిముట్టు చేశారు. అలాంటి మార్పిడి సాధనం ఒకటి మాకూ దొరికింది. గందరగోళం కాస్తా తెలుగైంది. మా మనవరాలు చప్పట్లు కొట్టింది. తప్పులు లేకపోలేదు. 'వ'కు కొమ్ము తగిలిస్తే 'మ' అయ్యే ముక్కల పద్ధతి కదా, ఆవపిండి ఒకచోట ఆమపిండి అయింది. మూడు సాయంత్రాలు కూర్చుని ఇద్దరం దిద్దాం.

అందుకే ఏ యాప్ మంచిదని ఎవరడిగినా నేను మొదట చూసేది ఒక్కటే: ఇందులో పెట్టింది బయటికి తీసుకునే దారి ఉందా? డబ్బు కట్టేదా, ఉచితమా అన్నది తర్వాతి మాట. మంచి సాఫ్ట్‌వేరుకు డబ్బివ్వడం న్యాయమే. మీ ఫోన్లో నోట్సు యాప్ ఉంటే ఈ రోజే ఒక నోటును బయటికి తీసి, వేరే యాప్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అందులో ఇష్టమైనవేవీ దాచకండి. నేనైతే నా రాతలన్నీ మామూలు టెక్స్ట్ ఫైళ్లలో పెడతాను. సింగారం కావాల్సినప్పుడే లిబ్రే ఆఫీసు తెరుస్తాను.

దిద్దేటప్పుడు ఆ పిల్లకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పాను. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టడం సులువే, వద్దనను. కానీ ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి వస్తాయి. 'క' మీటనే షిఫ్టుతో నొక్కితే 'ఖ', 'త' మీటను నొక్కితే 'థ'. బళ్లో అల్పప్రాణం, మహాప్రాణం అని బట్టీ పట్టింది ఇప్పుడు వేళ్లకు తెలిసింది. ఈ వేళ్లతోనే కన్నడమూ కొట్టొచ్చని చెబితే వెంటనే తన బెంగళూరు స్నేహితురాలి పేరు కొట్టి చూసుకుంది.

చివరి పేజీకి వచ్చేసరికి ఆగింది. "సోలెడు ఆవపిండి అని ఉంది. సోల అంటే ఎంత తాతయ్యా?"

అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి, కొలతే ఆ పిల్లకు తెలియదు. అటక మీంచి ఇత్తడి గిద్ద దించి, చింతపండుతో తోమి, నీళ్లతో నాలుగుసార్లు నింపి గిన్నెలో పోసి చూపించాను. నీళ్లు తుడుచుకుని వచ్చి ఆ మాట పక్కనే టైపు చేసింది: సోల అంటే నాలుగు గిద్దలు. గిద్ద తాతయ్య అటక మీద ఉంది.