దర్పణ చికిత్స

దర్పణ చికిత్స లేదా అద్దపు చికిత్స అనగా అద్దంలోని ప్రతిబింబం సహాయంతో, దెబ్బతిన్న లేదా కోల్పోయిన అవయవపు కదలికలను మెదడుకు తిరిగి అలవాటు చేసే వ్యాయామ పద్ధతి. పక్షవాతం వలన చేయి లేదా కాలు చచ్చుబడినవారికి, అవయవాన్ని కోల్పోయిన తరువాత ఆ లేని అవయవంలో నొప్పితో బాధపడేవారికి దీనిని ఫిజియోథెరపీలో భాగంగా ఉపయోగిస్తారు. నిలబడే తీరును, నడకను, ముఖ కండరాల కదలికను రోగి స్వయంగా చూసి సరిదిద్దుకొనుటకు కూడా అద్దాల వాడకం కలదు.

ఈ పద్ధతికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక చదునైన అద్దం చాలు. అయితే వ్యాయామాన్ని ప్రతిదినం, వారాల తరబడి చేయవలసి ఉంటుంది. అందువలన పెద్ద ఆసుపత్రులకు దూరంగా నివసించేవారికి, ఉదాహరణకు ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్లగడ్డ పరిసర గ్రామాల వారికి, ఇంటిలో సరైన అద్దాన్ని అమర్చుకొనుట చికిత్స కొనసాగింపులో ముఖ్యమైన విషయం.

చరిత్ర

తొలగించిన చేయి లేదా కాలు ఇంకా ఉన్నట్లే అనిపించే స్థితికి ఫాంటమ్ లింబ్ అనే పేరును 1871లో అమెరికా వైద్యుడు సైలాస్ వీర్ మిచెల్ వాడుకలోకి తెచ్చాడు. ఆ అవయవం బిగుసుకొని పోయినట్లు, పిడికిలి విడివడనట్లు తీవ్రమైన నొప్పి కలుగుతుందని చాలామంది రోగులు చెబుతారు.

దీనికి అద్దాన్ని చికిత్సగా ప్రవేశపెట్టినది భారత సంతతికి చెందిన నాడీ శాస్త్రవేత్త విలయనూర్ ఎస్. రామచంద్రన్. ఇతడు 1951లో తమిళనాడులో జన్మించి, చెన్నైలోని స్టాన్లీ వైద్య కళాశాలలో చదివాడు. అమెరికాలోని శాన్ డియాగోలో గల కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ, పైకప్పు లేని పెట్టె మధ్య నిలువుగా అద్దం నిలిపి దర్పణ పేటికను రూపొందించాడు. దానితో జరిపిన పరిశీలనలను డయాన్ రోజర్స్ రామచంద్రన్‌తో కలసి 1996లో ప్రచురించాడు.

1999లో లాన్సెట్ పత్రికలో తొమ్మిదిమంది పక్షవాత రోగులపై జరిపిన ప్రయోగ వివరాలు వెలువడ్డాయి. 2007లో అమెరికాలోని వాల్టర్ రీడ్ సైనిక వైద్య కేంద్రంలో కాలు కోల్పోయిన 22 మందిని మూడు వర్గాలుగా విభజించి పరిశీలించారు. నాలుగు వారాలపాటు రోజుకు 15 నిమిషాలు అద్దం ముందు సాధన చేసిన వర్గంలో నొప్పి తగ్గింది. 2018లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 62 అధ్యయనాలను పరిశీలించి, పక్షవాతం తరువాత కదలికలు, దైనందిన పనులు మెరుగుపడుటకు ఇతర చికిత్సలతో పాటు దర్పణ చికిత్స తోడ్పడుతుందని తెలిపింది.

పనిచేసే తీరు

రోగి బల్ల ముందు కూర్చుంటాడు. శరీరం మధ్యరేఖకు ఎదురుగా, బల్లపై అద్దాన్ని నిలువుగా, ముందుకు చాచినట్లు నిలుపుతారు. అద్దం మెరిసే వైపు ఆరోగ్యకరమైన చేతికి ఎదురుగా ఉంటుంది. దెబ్బతిన్న చేయి అద్దం వెనుక మరుగున ఉంటుంది. కుడిచేయి బాగుండి, ఎడమచేయి చచ్చుబడిన వ్యక్తి అద్దంలోకి చూస్తే, కుడిచేతి ప్రతిబింబం సరిగ్గా ఎడమచేయి ఉండవలసిన చోట కనిపిస్తుంది. కుడిచేతిని కదిలించినపుడు ఎడమచేయి కదిలినట్లు తోస్తుంది.

శరీర భాగాల స్థితిని తెలుసుకొనుటలో మెదడు చూపుపై ఎక్కువగా ఆధారపడుతుంది. చచ్చుబడిన చేయి కదులుతున్నట్లు కనిపించినపుడు, ఆ చేతి కదలికలను శాసించే మెదడు భాగాలు ఉత్తేజితమవుతాయని పరిశోధనలు సూచిస్తున్నాయి. అయితే ఇది ఏ మార్గంలో జరుగుతుందనే విషయమై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు.

అద్దం ఎంపిక

ప్రతిబింబం నిజమైన చేయి వలె కనిపించినపుడే మెదడు దానిని స్వీకరిస్తుంది. కావున ఈ క్రింది విషయాలను గమనించవలెను.

సమతలం: అద్దం పూర్తిగా చదునుగా ఉండవలెను. వాహనాలకు అమర్చే కుంభాకార అద్దాలు ప్రతిబింబాన్ని చిన్నదిగా చూపుతాయి కనుక పనికిరావు. అద్దం ఎదుట ఒక కర్రను పట్టుకొని కదిలించినపుడు దాని ప్రతిబింబం వంకరలు పోతే అటువంటి అద్దాన్ని వాడరాదు. వెనుక రసం పూత ఊడి మచ్చలు పడినది కూడా తగదు.

పరిమాణం: మోచేతి నుండి వేలి కొసల వరకు చేయి మొత్తం కనిపించవలెను. పెద్దవారికి 60 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల ఎత్తు గల అద్దం సాధారణంగా సరిపోతుంది. కాళ్ల వ్యాయామానికి సుమారు 120 సెంటీమీటర్ల పొడవు గల అద్దాన్ని రెండు కాళ్ల మధ్య అడ్డంగా నిలుపుతారు.

పదార్థం: 4 మిల్లీమీటర్ల మందం గల గాజు అద్దం స్పష్టమైన ప్రతిబింబాన్ని ఇస్తుంది. పైన చెప్పిన చేతి అద్దం ఈ మందంలో దాదాపు 2.7 కిలోల బరువుంటుంది. కనుక పడిపోకుండా వెడల్పైన చెక్క పీఠం అవసరం. యాక్రిలిక్ అద్దం తేలికైనది, సులభంగా పగలదు. కాని వంగే గుణం ఉన్నందున వెనుక గట్టి పలక బిగించవలెను.

అంచులు: అంచులను నునుపుగా అరగదీయించి, చట్రం బిగించవలెను. పక్షవాతంలో స్పర్శ తగ్గిన చేతికి గాజు కోసుకున్నా తెలియకపోవచ్చును.

వాడే పద్ధతి

ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసివేయవలెను. ఒక చేతికి మాత్రమే ఆభరణాలు ఉంటే ప్రతిబింబం పరాయి చేయిగా తోస్తుంది. తొలుత ఒకటి రెండు నిమిషాలు ప్రతిబింబాన్ని ఊరక చూడవలెను. తరువాత పిడికిలి మూసి తెరచుట, మణికట్టును పైకి క్రిందికి ఆడించుట, వేళ్లను ఒక్కొక్కటిగా బొటనవేలికి తాకించుట వంటి కదలికలు నెమ్మదిగా చేయవలెను. అలవాటు పడిన తరువాత శనగలు ఏరుట, గ్లాసు పట్టుకొనుట వంటి పనులు చేర్చవచ్చును. చూపు ఎల్లప్పుడూ ప్రతిబింబంపైననే ఉండవలెను. అద్దం వెనుకనున్న చేతితో కూడ అదే కదలికను సాధ్యమైనంత వరకు ప్రయత్నించవలెను. చేయి లేనివారు ఆ చేతిని కదిలిస్తున్నట్లు భావిస్తారు. ఒక్కో విడత సాధారణంగా 15 నుండి 30 నిమిషాలు ఉంటుంది.

నిలువుటద్దం

నడక, నిలుపు సరిదిద్దుకొనుటకు రోగి నిలువుటద్దానికి ఎదురుగా నిలబడతాడు. మనిషి తన పూర్తి రూపం చూసుకొనుటకు అతని ఎత్తులో సగం పొడవున్న అద్దం చాలు. 170 సెంటీమీటర్ల ఎత్తు, నేల నుండి 158 సెంటీమీటర్ల ఎత్తున కళ్లు గల వ్యక్తికి 85 సెంటీమీటర్ల అద్దం సరిపోతుంది. దాని క్రింది అంచు నేలకు 79 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను. చక్రాల కుర్చీలో కూర్చున్నవారికి, పిల్లలకు ఈ అంచు ఇంకా క్రిందికి ఉండాలి. ఇళ్లలోని బీరువా అద్దం తగినంత పొడవు ఉంటే ఇందుకు ఉపయోగపడుతుంది. పడిపోయే ప్రమాదం ఉన్నవారి ప్రక్కన మరొకరు తప్పక ఉండవలెను.

ముఖ పక్షవాతం వచ్చినవారు చిన్న అద్దంలో చూస్తూ కనుబొమలు ఎత్తుట, పెదవులు బిగించుట సాధన చేస్తారు. నవ్వినపుడు కన్ను తనంతట తాను మూసుకొనుట వంటి అనవసర కదలికలను కూడా అద్దంలోనే గుర్తించగలరు. మధుమేహం ఉన్నవారు అరికాలిని, కృత్రిమ కాలు ధరించేవారు మిగిలిన కాలి చర్మాన్ని చేతి అద్దంతో రోజూ పరీక్షించుకొనుట మంచిది.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో

నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడి ఏర్పడింది. శిల్పకళకు పేరుపొందిన ఆళ్లగడ్డ, జిల్లా కేంద్రానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కర్నూలు - కడప రహదారిపై ఉన్నది. నంద్యాలలో శాంతిరాం వైద్య కళాశాల ఉన్నది. 2023 సెప్టెంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. కర్నూలులో ప్రభుత్వ సర్వజన వైద్యశాల, తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నిర్వహించే బర్డ్ ఆసుపత్రి కలవు.

చేయి చచ్చుబడిన వ్యక్తి, తోడుగా మరొకరు ఆళ్లగడ్డ పరిసర గ్రామం నుండి రోజూ నంద్యాలకు వచ్చిపోవుట ఖర్చుతోను, శ్రమతోను కూడిన పని; తోడు వచ్చేవారు తమ కూలిని కూడా కోల్పోతారు. ఇటువంటి ప్రయాణాల వలననే చాలామంది వ్యాయామాన్ని మధ్యలో మానివేస్తారు. ఫిజియోథెరపిస్టు వద్ద తొలి పాఠాలు నేర్చుకొని, ఇంటిలో రోజూ సాధన చేసి, నిర్ణీత వ్యవధిలో తిరిగి చూపించుకొనుట దీనికి ఆచరణీయమైన మార్గం. పటాలు కట్టే దుకాణాలలో అద్దాన్ని కోరిన కొలతకు కోయించి, చట్రం బిగించుకొనవచ్చును. పీఠాన్ని వడ్రంగి చేయగలడు.

పరిమితులు, జాగ్రత్తలు

దర్పణ చికిత్స ఇతర చికిత్సలకు తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు. పక్షవాత లక్షణాలు కనిపించిన వెంటనే 108 వాహనంలో ఆసుపత్రికి చేరవలెను. రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా మొదటి నాలుగున్నర గంటలలోపే ఇస్తారు. ఆ సమయాన్ని పసరు మందులకై వృథా చేస్తే, తరువాత ఏ అద్దమూ ఆ నష్టాన్ని పూడ్చలేదు.

ఈ చికిత్స అందరికీ ఒకే విధంగా ఫలించదు. కొందరికి తల తిరుగుట, వికారం, నొప్పి పెరుగుట, కోల్పోయిన అవయవం తలపుకు వచ్చి దుఃఖం కలుగుట జరుగవచ్చును. అట్టివారు సాధన ఆపి ఫిజియోథెరపిస్టును సంప్రదించవలెను. చూపు బాగా తగ్గినవారికి, సూచనలు అర్థం చేసుకొనలేనివారికి, రెండవ చేయి కూడా నొప్పి లేకుండా కదలనివారికి ఈ పద్ధతి తగదు.

ఇవి కూడా చూడండి

పక్షవాతం
ఫిజియోథెరపీ
వి. ఎస్. రామచంద్రన్
నంద్యాల
ఆళ్లగడ్డ