బీరువా అడుగున... జానెడు అంచు!

మిరపపండు ఎరుపుకి చిలకపచ్చ అంచు. వంకాయరంగుకి పసుపుపచ్చ పమిట. 'అమ్మో, ఇంత ముదురు రంగులా!' అంటూ బీరువా అడుగుకి నెట్టేసిన అమ్మమ్మల నాటి కంచిపట్టు చీరలివి. వీధిలో 'పాత పట్టుచీరలు కొంటాం' అన్న కేక వినపడగానే ఇచ్చేసేదీ వీటినే.

కొనేవాళ్లకి కావాల్సింది చాలాసార్లు చీర కాదు, జరీలోని వెండి. అసలు జరీ అంటే పట్టుదారానికి సన్నటి వెండితీగ చుట్టి, బంగారు పూత పూసిందే మరి. చీరని కాల్చి ఆ వెండిని తీస్తారు. దాంతోపాటే కోర్వై నేతా బూడిదైపోతుంది. మూడు నాడెలతో, మగ్గం మీద ఇద్దరు కూర్చుని అంచునీ ఒంటినీ కలిపే పనితనమది. అందుకే ఎరుపూ పచ్చా పక్కపక్కనే ఉన్నా ఒకదాన్లోకి ఒకటి దిగవు.

పాత చీర కొనాలనుకుంటే మడతల్ని వెలుతురుకి పట్టి చూడండి. పట్టు ముందుగా చిట్లేది అక్కడే. కట్టుకునేటప్పుడు జాకెట్టు సాదాగా, నగలు తక్కువగా ఉంటే చాలు... సందడంతా చీరదే! మూణ్నాలుగు నెలలకోసారి మడత మార్చి, నూలుబట్టలో చుట్టి దాచండి. ఒళ్లు చిరిగినా అంచు బాగుంటే పారేయొద్దు. దాన్ని కొత్త పట్టుకి కుట్టిస్తే మనవరాలికి పరికిణీ సిద్ధం.